పడుకుంటే పోయే నొప్పి

పొద్దున్నే ఇస్త్రీపెట్టె వేడెక్కగానే ఆమె మొదట రుద్దేది ఎవరి చొక్కానూ కాదు. బల్ల సొరుగులో ఒక పాత తెల్లగుడ్డ ఉండేది. దాన్ని పరిచి, నీళ్ళు చిలకరించి, పెట్టెను ఈ కొస నుంచి ఆ కొసకు ఒక్కసారి నడిపేది. పెట్టె అడుగున తుప్పో మాడో ఉంటే అది ఆ గుడ్డకే అంటుకుంటుంది, ఊళ్ళోవాళ్ళ బట్టలకు అంటుకోదు. షాపులో అందరికీ తెలిసింది అంతవరకే. ఆ కాసేపూ ఆమె పెదాలు కదిలేవి. ఈ రోజు నా చేతి కింద నుంచి వెళ్ళే బట్టలు ఎవరు కట్టుకున్నా వాళ్ళను చల్లగా చూడు దేవుడా, అని. అంతే ఆ ప్రార్థన. అందులో తన ఊసు ఉండేది కాదు. తన బట్టలు ఎప్పుడూ వారం చివర్లో, పెట్టె చల్లారే ముందు రుద్దుకునేది కాబట్టి అవి ఆ లెక్కలోకి రావని అనుకునేదేమో.

షాపుకు వచ్చేవాళ్ళు ఆమెను ఇస్త్రీ అక్క అనేవారు. ఇంట్లో వదిన పెట్టిన పేరు ఫర్వాలేదమ్మ. పాలు చల్లారిపోయాయే అంటే ఫర్వాలేదు వదినా. నీ దుప్పటి మీద కాఫీ ఒలికిందే అంటే ఫర్వాలేదు వదినా. "ఇల్లంటుకుంది లేవవే అన్నా, ఫర్వాలేదు వదినా, కాసేపు కాలనీ అంటుంది ఈ మహాతల్లి" అని వదిన ఇరుగుపొరుగుకు చెప్పి నవ్వేది. ఆమె కూడా నవ్వేది. భర్త పోయిన రోజున ఆమె కంట తడి రాలేదు. ఓదార్చడానికి వచ్చినవాళ్ళనే కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది. ఆ రోజు నుంచి లోపల ఏదో ఒక చోట తిమ్మిరి పట్టి అలాగే ఉండిపోయింది. అన్న పిలిస్తే వచ్చి వెనక గదిలో మంచం వేసుకుంది. అన్న లారీ తోలేవాడు, ఇంట్లో కంటే దారిలో ఉండేదే ఎక్కువ. అలా ఆ ఇంట్లో ఆడవాళ్ళిద్దరే మిగిలారు, ఒకరు మాట్లాడడానికీ ఒకరు వినడానికీ.

ఇస్త్రీ అంటే నిలబడి చేసే పని. కాలర్ ముందు, తర్వాత చేతి పట్టీలు, తర్వాత చేతులు, చివరికి వీపు. కూర్చుంటే బరువు పెట్టె మీదికి రాదు, మడత నిలవదు. ఆమె ఏళ్ళ తరబడి అలా నిలబడింది. కాళ్ళు నొప్పెడితే బరువు ఈ కాలి మీద నుంచి ఆ కాలి మీదికి మార్చేది.

ఆ వానాకాలం చివర్లో ఆమెకు జ్వరం వచ్చింది. ఒళ్ళు కాలిపోయి, మెడ కొయ్యలా బిగిసిపోయింది. పెద్దాసుపత్రిలో చేర్చుకున్నారు. మెదడు చుట్టూ ఉండే పొరలకు చీము పట్టిందేమో చూడాలని, ఆమెను పక్కకు తిప్పి మోకాళ్ళు ముడిపించి పడుకోబెట్టి, నడుము దగ్గర సూది గుచ్చి వెన్నులో నీళ్ళు తీశారు. నీళ్ళు తేటగా ఉన్నాయన్నారు. మామూలు జ్వరమేనన్నారు. జ్వరం తగ్గాక ఇంటికి పంపేటప్పుడు నర్సు చెప్పింది, "తల కాస్త నొప్పిగా ఉండొచ్చమ్మా, తగ్గకపోతే మళ్ళీ రండి" అని. ఉండొచ్చు అన్న ముక్క ఆమె చెవిన పడింది. మళ్ళీ రండి అన్న ముక్క నిలవలేదు. వదిన అప్పటికే సంచీ చంకన పెట్టుకుని వాకిట్లో ఆటోవాణ్ణి పిలుస్తోంది కాబట్టి నర్సు మాటే వినలేదు.

ఆ మర్నాడే మొదలైంది. లేచి నిలబడితే చాలు, వెనక నుంచి ఎవరో జుట్టు గుప్పిట పట్టి కిందికి లాగుతున్నట్టు తల, మెడ, భుజాల మధ్య దాకా ఒకటే లాగుడు. కడుపులో తిప్పు. చెవుల్లో నీళ్ళు పోయినట్టు మాటలన్నీ దూరంగా వినపడేవి. వెళ్ళి పడుకుంటే, కుళాయి కట్టేసినట్టు నొప్పి ఆగిపోయేది. ఉండొచ్చన్నారు కదా, ఉంది, అనుకుంది ఆమె. భయం వేయలేదు. ఆమెకు ఏదీ పెద్దగా వేసేది కాదు.

పనిలోకి వెళ్ళింది. తెల్లగుడ్డ రుద్దింది, పెదాలు కదిపింది. ఒక చొక్కా పూర్తయ్యేసరికి చెంప తీసుకెళ్ళి బల్ల మీద ఆనించింది. షాపాయన లోపలికి వచ్చి చూశాడు.

"ఏంటక్కా, బట్టలు చాలక మొహం కూడా ఇస్త్రీ చేసుకుంటున్నావా?"

"ఫర్వాలేదు బాబూ. ఒక్క నిమిషం."

ఆయన నవ్వుతూనే ఆమె మొహం చూసి నవ్వు ఆపాడు. వెనక గదిలో ఉతికి ఆరిన దుప్పట్ల మూటలు సర్ది, మనిషి పట్టేంత చోటు చేసి, పైన ఒక శుభ్రమైన పంచె పరిచాడు. ఆ రోజు నుంచి ఆమె ఒక చొక్కా రుద్దేది, వెళ్ళి పడుకునేది, లేచి ఇంకొకటి రుద్దేది. బట్టల కోసం వచ్చినవాళ్ళకు షాపాయన, "పెట్టె మొరాయిస్తోందండీ, రేపు రండి" అని చెప్పేవాడు. ఎన్నడూ అబద్ధమాడని మనిషి ఆ అబద్ధాన్ని పెట్టె మీదికి తోసి నిశ్చింతగా ఉండేవాడు. దేవుడు ఆయన ఖాతాలో దాన్ని అబద్ధంగా రాసి ఉండడని నా నమ్మకం.

ఒక మధ్యాహ్నం వదిన ఏదో పని మీద అటు వచ్చి, మూటల మీద పడుకుని ఉన్న ఆడబిడ్డను చూసింది.

"ఇదా నువ్వు చేసే ఉద్యోగం? ఇంట్లో మంచం సరిపోలేదా?"

"నిలబడితే కొంచెం తల నొస్తోంది వదినా."

"కొంచెమా? నీ కొంచెం నాకు తెలీదా? పద ఆసుపత్రికి."

ఇక్కడి నుంచి జరిగిందంతా మంచివాళ్ళ చేతుల మీదుగానే జరిగింది. ఆటో అతను ఆమెను చూసి, "అమ్మను వెనక పడుకోనీండి, మీరిలా నా పక్కన సర్దుకోండి" అన్నాడు. వదిన సగం బయట సగం లోపల వేలాడుతూ వెళ్ళింది. ఆసుపత్రి వరండాలో జనం కిక్కిరిసి ఉన్నారు. బల్ల మీద ఒక ముసలామె తన కొడుకులతో కూర్చుని ఉంది. ఆమె ఇస్త్రీ అక్క మొహం చూడగానే కొడుకులను అదిలించింది. "లేవండ్రా, రాళ్ళలాగా కూర్చున్నారు. ఆ పిల్లను పడుకోనివ్వండి." నలభై దాటిన తనను పిల్ల అన్నందుకు ఆమెకు కాస్త నవ్వొచ్చింది. పిలుపు వచ్చేసరికి తోపుడుమంచం తోసే అటెండరు తనంతట తానే మంచం తెచ్చాడు. "నడవొద్దమ్మా, నేను తీసుకెళ్తాగా" అన్నాడు. అలా ఆమె వీధి నుంచి డాక్టరు గది దాకా పడుకునే చేరింది. అప్పటికి నొప్పి ఎప్పుడో పోయింది.

డాక్టరు కుర్రవాడు. కళ్ళ కింద నిద్రలేని చారలు.

"ఏంటమ్మా ఇబ్బంది?"

"తలనొప్పండీ."

"ఇప్పుడుందా?"

ఆమె ఒక్క క్షణం లోపలికి చూసుకుంది. లేదు. ఉందంటే అబద్ధమవుతుంది.

"లేదండీ."

"వాంతులు?"

"ఇప్పుడు లేవండీ."

ఆయన కళ్ళలో లైటు వేసి చూశాడు, మెడ వంచి చూశాడు. జ్వరం వచ్చి తగ్గిందని వదిన చెప్పింది. జ్వరం తర్వాతి నీరసం, బాగా తినండి, నొప్పి వస్తే ఈ మాత్ర వేసుకోండి అన్నాడు. అటెండరు మంచం బయటికి తోసుకొచ్చాడు. ఆటో ఎక్కడానికి లేచి నిలబడగానే జుట్టు పట్టుకున్న గుప్పిట మళ్ళీ బిగిసింది. ఆమె ఆటోను పట్టుకుని నిలబడి, ఏమీ అనకుండా లోపలికి పాకి పడుకుంది.

మాత్రలు అయిపోయాయి. నొప్పి అలాగే ఉంది. రెండోసారి వెళ్ళినప్పుడు బల్ల మీద ముసలామె లేదు, ఇంకెవరో ఉన్నారు, వాళ్ళూ లేచారు. డాక్టరు మారాడు, పెద్దాయన. అదే ప్రశ్న అడిగాడు, ఆమె అదే జవాబు చెప్పింది. ఆయన వదినను తలుపు దగ్గరికి పిలిచి గొంతు తగ్గించి ఏదో అడిగాడు. తిరిగొచ్చేటప్పుడు వదిన ఆటోలో నోరు విప్పలేదు. అది మామూలుగా జరిగే పని కాదు. ఇంటికొచ్చి తలుపు వేశాక విప్పింది.

"ఇంట్లో ఏమన్నా గొడవలా అని అడిగాడే నన్ను. మనసులో బాధ పెట్టుకుంటే ఇలాంటి నొప్పులొస్తాయంట. నేను నిన్ను కాల్చుకు తింటున్నానని ఆయన ఉద్దేశం. చెప్పు, నేనేమన్నా వేధిస్తున్నానా నిన్ను?"

"ఫర్వాలేదు వదినా" అంది ఆమె, మంచం మీద వెల్లకిలా పడుకుని.

"ఫర్వాలేదేంటే? అంటే వేధిస్తున్నాను కానీ ఫర్వాలేదనా?"

"అది కాదు వదినా."

"ఇంట్లో ఉన్న నొప్పి ఆసుపత్రి గడప తొక్కగానే ఎక్కడికి పోతోంది? దానికి డాక్టరంటే భయమా? నిన్నెవరూ నమ్మట్లేదే. నేను నమ్మాలా వద్దా, అదన్నా చెప్పు."

ఆమె పైకప్పు వైపు చూసింది. వదిన వంటింట్లో గిన్నెలు చప్పుడు చేసింది. కాసేపటికి వేడి పాలు తెచ్చి, లేపకుండా, గొట్టం పెట్టి పడుకునే తాగేలా ఇచ్చింది. కోపం ఎంతున్నా ఆ ఇంట్లో పాలకు లోటు చేయలేదు.

ఆ తర్వాతి రోజుల్లో ఆమెకు ఒకటి రెండుగా కనపడసాగింది. కుళాయి రెండు కుళాయిలు. వదిన ఇద్దరు వదినలు. ఒక్క వదినతోనే సరిపోతోంది అనుకుంది, పైకి అనలేదు. షాపులో ఒక పెద్దమనిషి చొక్కా చేతికి ఒక మడత గీత పడాల్సిన చోట, పక్కపక్కనే రెండు పడ్డాయి. ఆమె చేతి పనిలో అలా జరగడం అదే మొదలు. షాపాయన ఆ చొక్కా తీసుకుని చాలాసేపు చూశాడు. తిట్టలేదు. సాయంత్రం ఆమెను తన బండి మీద కాకుండా ఆటోలో ఇంటికి తెచ్చి, వదినతో గుమ్మంలో నిలబడి చెప్పాడు.

"వదినగారూ, అక్కకు నయమయ్యేదాకా పంపకండి. వేడి పెట్టెతో పని. నాకు భయంగా ఉంది. అక్క బల్ల అక్క కోసమే ఉంచుతాను, ఎన్నాళ్ళు ఉంచగలనో మాత్రం చెప్పలేను. బట్టలు ఆగవు కదా."

లోపల మంచం మీద ఆమె ఆ మాటలు విన్నది. నిలబడలేని మనిషికి ఆ బల్ల లేదు. బల్ల లేకపోతే పొద్దున్నే తెల్లగుడ్డ లేదు. ఆ ఒక్కటీ లేని పొద్దు ఎలా ఉంటుందో ఊహించబోయింది. ఖాళీగా కనపడింది. ఏడుపు వస్తుందేమోనని చూసింది. రాలేదు.

మూడోసారి వదినే పట్టుబట్టి తీసుకెళ్ళింది. మళ్ళీ ఆటో, మళ్ళీ బల్ల, మళ్ళీ తోపుడుమంచం. గదిలో ఈసారి మొదటి కుర్ర డాక్టరే ఉన్నాడు. ఆమెను పరీక్షించే మంచం మీదికి దించి, అటెండరు తోపుడుమంచం పట్టుకుని పరుగెత్తాడు. వరండాలోకి ప్రమాదంలో దెబ్బతిన్న ఎవరినో తెచ్చారు.

"ఇప్పుడు నొప్పి ఉందా అమ్మా?"

"లేదండీ."

వదిన తలుపు దగ్గర నుంచి నిట్టూర్చింది. "రాసుకోండి డాక్టరుగారూ. లేదంట. మేం సరదాగా వస్తున్నాం మీ క్షేమం కనుక్కుందామని. ఒకటి రెండుగా కనపడుతోందంట, అదీ రాసుకోండి."

ఆయన ఏదో రాస్తూ, "కళ్ళు కూడా ఒకసారి చూపించుకోండి, రాస్తున్నాను. వెళ్ళొచ్చు" అన్నాడు. తోపుడుమంచం లేదు. ఆమె మెల్లగా కాళ్ళు కిందికి దించి నిలబడింది. వెళ్ళబోయి, ఆగింది. ఆ మంచం మీద దుప్పటి, తను పడుకున్న దుప్పటి, ముడతలు పడి ఒక పక్కకు లాక్కుపోయి ఉంది. ఇన్నేళ్ళలో ఆమె ముడతలు పడ్డ గుడ్డను అలా వదిలేసి ఏ గదిలోంచీ బయటికి వెళ్ళలేదు. దుప్పటి తీసి, విదిలించి, అంచుకు అంచు కలిపింది. గడ్డం కింద ఒక అంచు పట్టుకుని పొడవునా అరచేత్తో రాసింది. మళ్ళీ మడిచింది. రెండు అంచులు నాలుగుగా కనపడుతుంటే ఏది అసలుదో వేళ్ళతో తడిమి చూసుకుంది. గుప్పిట బిగుస్తోంది. ఆమె మడత ఆపలేదు.

డాక్టరు రాయడం ఆపి తలెత్తాడు. ఆమె మొహం సున్నం కొట్టిన గోడలా పాలిపోతోంది. పెదాలు కూడా తెల్లబడ్డాయి. నాలుగో మడత పడగానే ఆమె, షాపులో బల్ల మీద చేసినట్టే, ఆ మడిచిన దుప్పటి మీదికి వంగి చెంప ఆనించి, మెల్లగా మంచం మీదికి ఒరిగి, కళ్ళు మూసుకుంది. కాసేపటికి మొహంలోకి రంగు తిరిగొచ్చింది.

"అమ్మా" అన్నాడు డాక్టరు, కుర్చీలోంచి లేచి. "మళ్ళీ ఒకసారి నిలబడతారా?"

నిలబెట్టాడు. చూశాడు. పడుకోబెట్టాడు. చూశాడు.

"ఇప్పుడు నిలబడ్డప్పుడు నొప్పి ఉందా?"

"ఉందండీ. చాలా."

"పడుకుంటే?"

"ఉండదండీ."

"మరి ఇందాక లేదన్నారేం?"

"ఇందాక లేదండీ. మీరడిగినప్పుడు పడుకుని ఉన్నాను."

ఆయన వదిన వైపు తిరిగి అడిగాడు. "జ్వరం వచ్చినప్పుడు వెన్నులో నీళ్ళు తీశారా?"

"తీశారు కదండీ. ఇక్కడే, పైన వార్డులో. మీకు తెలుసనుకున్నాం. మీ ఆసుపత్రేగా."

డాక్టరు కళ్ళు మూసి తెరిచి, "నేను అడగాల్సింది" అన్నాడు, మెల్లగా. ఆ మాట ఆయన వాళ్ళతో అన్నాడో తనతో అనుకున్నాడో తెలియదు. తర్వాత తన కుర్చీ మంచం దగ్గరికి లాక్కుని కూర్చుని వాళ్ళిద్దరికీ అర్థమయ్యేలా చెప్పాడు. సూది గుచ్చిన చోట సన్నటి రంధ్రం మామూలుగా దానంతట అదే పూడుకుంటుంది. ఈమెకు పూడలేదు. అందులోంచి నీళ్ళు కారిపోతున్నాయి. ఆ నీళ్ళలో తేలాల్సిన మెదడు, నిలబడితే కిందికి జారి పొరలను లాగుతుంది. అందుకే నొప్పి, అందుకే ఒకటి రెండుగా కనపడడం. ఇంకా ఆలస్యమైతే తలలో నెత్తురు చేరే ప్రమాదం కూడా ఉంది, ముందు స్కాన్ తీయాలి.

వదిన తలుపు దగ్గర గోడకు జారగిలబడి అలాగే నేల మీద కూర్చుండిపోయింది. "నిజమేనా నొప్పి" అంది. అడిగినట్టు కాదు.

స్కాన్‌లో నెత్తురు లేదు. వార్డులో చేర్చి సెలైన్ ఎక్కించారు, నొప్పి తగ్గుతుందని కాఫీ తాగమన్నారు, పడుకోబెట్టారు. తగ్గలేదు. అప్పుడు మత్తుమందు ఇచ్చే డాక్టరమ్మ వచ్చింది. నెరిసిన జుట్టు, నిదానమైన మాట. ఇస్త్రీ అక్క చేతిలోంచి ఆమె నెత్తురే కొంచెం తీసి, వెన్నులో అదే చోట ఎక్కిస్తామంది. ఆ నెత్తురు గడ్డకట్టి రంధ్రాన్ని మూసేస్తుంది.

వదిన లేచి నిలబడింది. "సూదితో వచ్చిన రోగానికి మళ్ళీ సూదేనా అమ్మా?"

"సూదేనమ్మా. వేరే దారుంటే మీకంటే ముందు నేనే వెతుకుతాను."

"అయితే నా నెత్తురు తీసుకోండి. నాకు బోలెడుంది. దీని ఒంట్లో ఏముంది పాపం?"

మత్తు డాక్టరమ్మ నవ్వింది. "మీది మీ దగ్గరే ఉంచుకోండి, వాదించడానికి పనికొస్తుంది. ఆమెకు ఆమెదే కావాలి."

ఆమెను పక్కకు తిప్పి మోకాళ్ళు ముడిపించారు. వీపు మీద చల్లటి మందు రాశారు. ఒక నర్సు ముందు వైపు వచ్చి కూర్చుని, అడక్కుండానే ఆమె చెయ్యి పట్టుకుంది. నడుములో ఏదో నిండుతున్నట్టు ఒత్తిడి తెలిసింది. ఆమెకు ప్రార్థన గుర్తొచ్చింది. ఈ గదిలోవాళ్ళు కట్టుకున్న ఆకుపచ్చ బట్టలు ఎవరు ఇస్త్రీ చేశారో, వాళ్ళను చల్లగా చూడు, అనుకుంది. ఇంకేదైనా అనుకోవాలేమోనని ఆగింది. ఏమీ రాలేదు.

తర్వాత చాలాసేపు వెల్లకిలా పడుకోమన్నారు. కిటికీ ఎండ మంచం కాలి దగ్గర నుంచి గోడ మీదికి పాకింది. వదిన స్టూలు మీద కూర్చుంది. చేతిలో చీర కొంగు మడుస్తూ విప్పుతూ ఉంది. ఆ మడత వంకరగా ఉందని ఆమెకు పడుకుని కూడా కనపడింది.

మత్తు డాక్టరమ్మ మళ్ళీ వచ్చి, "ఇక లేవండి, నిదానంగా" అంది. ఆమె కూర్చుంది. కాళ్ళు దించింది. నిలబడింది. గుప్పిట కోసం ఎదురుచూసింది. అది రాలేదు. బరువు ఈ కాలి మీద నుంచి ఆ కాలి మీదికి మార్చింది. రాలేదు. కుళాయి ఇంకా రెండుగానే ఉంది, అది మెల్లగా సర్దుకుంటుందని చెప్పారు. కొద్ది రోజులు వంగొద్దు, బరువులెత్తొద్దు, ఆ తర్వాత బల్ల దగ్గరికి వెళ్ళొచ్చన్నారు. సంతోషం వస్తుందేమోనని కూడా ఆమె ఎదురుచూసింది. అదీ రాలేదు. నిలబడి ఉంది, అంతే. కిటికీలోంచి చూస్తే కింద ఆవరణలో ఉతికిన దుప్పట్లు తాళ్ళ మీద ఆరుతున్నాయి. ఎవరో వాటిని అంచులు కలిపి ఆరేశారు.

"ఎలా ఉందే?" అంది వదిన.

"ఫర్వాలేదు వదినా" అంది ఆమె, అలవాటుగా. అన్నాక ఆ మాట తనకే వినపడింది. మంచం పట్టీ పట్టుకుని కాసేపు అలాగే నిలబడి, తర్వాత వదిన వైపు తిరిగింది.

"వదినా, నాకో పని చేసి పెడతావా?"

వదిన కొంగు వదిలేసి తలెత్తింది. ఇన్నేళ్ళలో ఆ నోటి నుంచి అలాంటి మాట ఆమె విని ఎరగదు. "ఏంటే?"

"ఇక మీదట నేను ఫర్వాలేదన్నానంటే నమ్మి వెళ్ళిపోకు. నన్ను లేపి, నిలబెట్టి, ఇంకోసారి అడుగు."